ఫ్యాను చప్పుడులో పోయిన ఉత్తరం

మా మిలట్రీ కాక చనిపోయిన రోజున వాకిట్లో నలభై మంది దాకా ఉన్నారు. ఒక్కరూ గొంతెత్తి మాట్లాడలేదు. చావింట్లో అది మర్యాదే కదా అనుకుంటారు. మర్యాద కాదు, భయం. శవాన్ని అరుగు మీద పడుకోబెట్టారు. పాడె కట్టేవాళ్ళు వెదురు సరిపోలేదన్న ముక్క మాట్లాడుకోవడానికి గల్లీ మలుపు దాకా నడిచి వెళ్ళి, అక్కడ మాట్లాడుకుని, తిరిగి వచ్చారు. ఆయన అల్లుడు నా చెవి దగ్గర నోరు పెట్టి "అన్నా, పూలకు చెప్పినవా" అని అడిగి, ఒకసారి శవం వైపు చూసి, "జర ఇవతలికి రా" అని నన్ను బయటికి లాక్కుపోయాడు. ఎనభై దాటేదాకా చాటుగా విన్న మనిషి, చచ్చాక మాత్రం వినడని ఏమిటి నమ్మకం.

నాది సిద్దిపేట పాత బస్టాండు దగ్గర జిరాక్సు దుకాణం. ఆయన ఇల్లు మా ఇంటికి మూడిళ్ళ అవతల. పొద్దున పదింటికల్లా వచ్చి దుకాణం ముందు బెంచీ మీద నాకు వీపు పెట్టి కూర్చునేవాడు. నాకనే కాదు, ఎవరికైనా వీపే పెట్టేవాడు. చాయ్ హోటల్లో గోడవైపు తిరిగి కూర్చుంటాడు, పెళ్ళిలో పందిరి గుంజవైపు తిరిగి కూర్చుంటాడు. చాయ్ చల్లారి మీద మీగడ కట్టినా ముట్టుకోడు. గుటక వేసిన చప్పుడులో ఒక మాట పోతుందట.

ముఖాలు ఆయనకు గుర్తుండేవి కావు. పదేళ్ళుగా పాలు పోసే మనిషి ఎదురొచ్చినా పలకరించడు. ఆ మనిషి గోడ అవతల తుమ్మితే మాత్రం "పాలాయన వచ్చిండు" అంటాడు. ఒక్కతే కూతురు. ఆమెకు సంబంధం వచ్చినప్పుడు పిల్లవాణ్ణి చూడనేలేదు. ఆ పిల్లవాడూ అతని దోస్తూ దౌల్తాబాద్ బస్సెక్కితే వాళ్ళ ముందు సీట్లో కూర్చుని, దౌల్తాబాద్ దాకా విని, దిగి, అదే బస్సులో తిరిగొచ్చి సరేనన్నాడు. ఆ రోజు తానేం మాట్లాడాడో అల్లుడికి ఇప్పటికీ గుర్తు రావడం లేదు. పాపం, ఇరవై ఏళ్ళుగా అదే దిగులు.

ఇంకో వింత, ఆయన ఎవరినీ ఏదీ అడిగేవాడు కాదు. "అడిగితె ఎవ్వడు నిజం చెప్పడురా. ఇద్దర్ని ఒక్క జాగల కూసోవెట్టి నువ్వు పక్కకు జరుగు. నిజం దానంతటదే బయటికొస్తది" అనేవాడు. నేను అన్నం తిన్నానో లేదో తెలుసుకోవాలనుకున్నాడనుకోండి, నోటితో అడిగితే అయిపోతుంది. అడగడు. పక్క దుకాణం టైలరును పిలిచి నా ఎదురుగా కూర్చోబెట్టి, తాను గోడవైపు తిరుగుతాడు. టైలరూ నేనూ ఏవో మాట్లాడుకుంటాం. ఎప్పటికో మాటల్లో తిండి సంగతి వస్తుంది. అప్పుడు లేచి "ఇంటికి పోయి తినురా" అంటాడు. ఒక్కోసారి ఇది తేలేసరికి మూడు దాటేది, నాకు కళ్ళు తిరిగేవి.

ఇక ఫ్యాను. ఆయన ఉన్నచోట ఫ్యాను తిరగకూడదు. సిద్దిపేట ఎండలు తెలిసినవాళ్ళకు ఇది ఎంత మాటో తెలుసు. మే నెలలో ఎవరింటికి వెళ్ళినా గడప దగ్గర నిలబడి స్విచ్చు ఎక్కడుందో చూసి, ఆపి, అప్పుడు లోపలికి వచ్చేవాడు. ఇంటివాళ్ళు చెమటలు తుడుచుకుంటూ ఆయనతో మంచీచెడ్డా మాట్లాడేవారు. సొంత ఇంట్లోనైతే ఫ్యాన్ల రెక్కలు విప్పించి అటక మీద పెట్టించాడు. ఉత్త కడ్డీలు కప్పుకు వేలాడుతుండేవి. నా జిరాక్సు మిషను మొదలైతే లేచి రోడ్డు అవతలికి పోయి, అది ఆగాక వచ్చేవాడు. ముసలాయన చాదస్తం అనుకుని చాలా ఏళ్ళు నవ్వుకున్నాను.

"మిలట్రీల ఏం పని జేసినవ్ కాకా" అని ఒకసారి అడిగాను.

"ఇనే పని."

"ఏం ఇంటుంటివి?"

"పట్టువడ్డ సిపాయిల మాటలు."

"ఏ యుద్ధంల?"

"గది రహస్యం."

"క్యాంపు ఏడుండె?"

"గది గూడ రహస్యం."

ఆయన వయసు లెక్కవేస్తే ఏ యుద్ధమో గల్లీలో పిల్లలకూ తెలిసిపోతుంది. తెలిసిపోయిందని ఆయనకు మాత్రం ఎవరూ చెప్పలేదు, బాధపడతాడని.

ఏళ్ళ తరబడి ముక్కలు ముక్కలుగా చెప్పినదాన్ని అతికించుకుంటే సంగతి ఇది. వాళ్ళది నేతపని ఇల్లు. ఒకే కొట్టంలో నాలుగు మగ్గాలు ఆడుతుంటే, ఆ చప్పుడులో వంటింట్లోంచి తల్లి పిలిచిన పిలుపు ఈయన ఒక్కడికే వినపడేదట. చిన్నప్పుడు ఉర్దూ బడిలో చదివాడు, దస్తూరీ బాగుండేది. ఇవన్నీ ఎలాగో ఒక పెద్ద అధికారి చెవిన పడ్డాయి. ఎదుటి దేశం సిపాయిలను ఉంచిన బరాకులో కప్పుకు వేలాడే ఫ్యాను గిన్నెలో చిన్న మైకు పెట్టారు. దాని తీగ పక్క గదికి వచ్చేది. ఆ గది తలుపు మీద 'సున్నం బస్తాలు' అని రాసి ఉండేది. సున్నం బస్తాల గదిలో ఈయన హెడ్‌ఫోన్లు తగిలించుకుని పొద్దంతా కూర్చోవాలి, విన్నది విన్నట్టు రాయాలి. తుపాకులు ఎక్కడ దాచారో, ఏ దారిన వచ్చారో కైదీలు తమలో తాము చెప్పుకుంటారని పైవాళ్ళ ఆశ.

కైదీలు పప్పు గురించి మాట్లాడుకున్నారు. నిన్నటికన్నా ఇవాళ పలుచగా ఉందని ఒకడు, మొన్నటికన్నా చిక్కగానే ఉందని ఇంకొకడు. తర్వాత నల్లుల గురించి, తర్వాత మళ్ళీ పప్పు గురించి. ఈయన అంతా రాశాడు. ఆయన రాసే కాగితంలో మూడు గడులు. ఎవరు, ఏమన్నారు, ముఖ్యమైనది. మూడో గడి పై అధికారి నింపాలి. ఏది ముఖ్యమో నువ్వు తేల్చొద్దు, నువ్వు చెవివి మాత్రమే అని మొదటి రోజే చెప్పారట. ఆ మాట ఆయన ఉద్యోగం దిగాక కూడా దాటలేదు.

ఎంతగా దాటలేదో నాకు వేములఘాట్ వ్యవహారంలో తెలిసింది. అది మా అత్తగారి ఊరు. మల్లన్నసాగర్ రిజర్వాయరు కింద పోతుందని మాటలు మొదలైన రోజులవి. కొలతలకు వచ్చిన ఇద్దరు మనుషులు మధ్యాహ్నం భోజనానికి సిద్దిపేటలో ఒక మెస్సుకు వస్తున్నారని మా మామకు తెలిసింది. వెంటనే నా దగ్గరికి వచ్చి "మీ మిలట్రీ ఆయన్ని జర వాళ్ళ ఎనుక కూసోవెట్టు అల్లుడా. ఊరు ఉంటదో పోతదో తెలుస్తది" అన్నాడు. కాక మూడు రోజులు ఆ మెస్సులో గోడవైపు తిరిగి అన్నం తిన్నాడు. నాలుగో రోజు పన్నెండు పేజీలు తెచ్చి మా మామ చేతిలో పెట్టాడు.

మామ కళ్ళజోడు సవరించుకుని పైకి చదవడం మొదలుపెట్టాడు. "వ్యక్తి ఒకటి: మోకాలు గుంజుతుంది. వ్యక్తి రెండు: నువ్వుల నూనె రాయి. వ్యక్తి ఒకటి: రాసిన. వ్యక్తి రెండు: వెచ్చగ జేసి రాయాలె. వ్యక్తి ఒకటి: పెరుగు కలుపుకున్న చప్పుడు." నాలుగు పేజీలు తిప్పాడు. మోకాలు కుడిది కాదు ఎడమదని తేలింది. ఇంకో నాలుగు తిప్పాడు. నారాయణరావుపేటలో ఎవరో పసరు కట్టు కడతారట.

"మా ఊరు మునుగుతదా లేదా, గది చెప్పే" అన్నాడు మామ.

"గది వాళ్ళు మాట్లాడలే."

"పన్నెండు పేజీలు రాస్తివి గదనే."

"వాళ్ళు పన్నెండు పేజీలు మాట్లాడిన్రు."

"గీ మూడో గడి ఉత్తగున్నదేంది?"

"ముఖ్యమైనది అధికారి రాయాలె. నేను రాయొద్దు."

"నా తాన అధికారి ఏడున్నడు?" అని మామ నా జేబులోంచి పెన్ను లాక్కుని, మూడో గడిలో 'మోకాలు' అని రాసి, సంతకం పెట్టాడు. కాక ఆ కాగితాలు తీసుకుని సెల్యూట్ చేశాడు. తర్వాత ఊరు మునిగింది. మామ కొత్త కాలనీకి పోయాడు. ఇంటి తలుపులు, ద్వారబంధాలు పీక్కుపోయేటప్పుడు కాక దగ్గరికి వచ్చి ఆ పన్నెండు పేజీలు కూడా అడిగి తీసుకెళ్ళాడు. ఊరు పోయేముందు ఊరిని కొలిచినవాళ్ళు ఏం మాట్లాడుకున్నారో తన దగ్గర సాక్ష్యం ఉందంటాడు. అన్నప్పుడల్లా నవ్వుతాడు, ఆ నవ్వు చూస్తే నాకు నవ్వు రాదు.

ఫ్యాను సంగతి నాకు తెలిసింది ఒక మే నెల మధ్యాహ్నం. కరెంటు పోయింది. కరెంటు పోతే ఆయనకు పండగ. ఊళ్ళో ఫ్యాన్లు, మిషన్లు, పిండి గిర్నీలు అన్నీ ఆగి, ఎక్కడి మాట అక్కడ వినపడేది. అలాంటప్పుడే ఆయనకు మాట్లాడబుద్ధయ్యేది.

"ఏడో మంచమోడు ఉండె" అని మొదలుపెట్టాడు, గోడవైపు చూస్తూ. "మొకం ఎర్కలేదు, గొంతే ఎర్క. లీవుకు ఇంటికి పోయిండట. మల్ల పల్టన్‌కు పోయే రోజు పొద్దుగాల లేచి సూస్తె బర్రె లేదు. చూడి బర్రె. తాడు తెంపుకొని పోయింది. వాన్ని కన్న అవ్వ ఎతుకవోయింది. రైలుకు టైమైంది. అవ్వ రాలే. ఈడు పోయిండు. గాడికెళ్ళి యుద్ధం. యుద్ధంకెళ్ళి మా తాన."

ఏడో మంచం రోజూ ఆ బర్రె గురించి ఎనిమిదో మంచానికి చెప్పేవాడట. నుదుటి మీద తెల్లబొట్టు, ఒక కొమ్ము కిందికి. కాలువ దిక్కుకు పోయి ఉంటుందని ఎనిమిదో మంచం ఒకరోజు, చెరుకు తోటలో దూరి ఉంటుందని ఇంకోరోజు. కాక మూడు నెలలు ఇదే రాసి పంపాడు. పైవాళ్ళకు అనుమానం వచ్చింది. ఇన్ని రోజులు బర్రె గురించే మాట్లాడుతున్నారంటే అది బర్రె కాదు, ట్యాంకు. చూడిబర్రె అంటే గుండ్లు నింపిన ట్యాంకు. బర్రె రంగు ఏమిటో జాగ్రత్తగా వినమని హుకుం వచ్చింది. నలుపు అని రాశాడు. అనుమానం గట్టిపడి, ఏ కాలువ, ఏ చెరుకు తోట అని పటాలు తెప్పించి వెతికారట.

"నీకు గూడ ట్యాంకనే అనిపించిందా కాకా?"

"నాకెందుకు అనిపిస్తది. ఏదన్న అనిపించుడు నా పని గాదు" అన్నాడు. తర్వాత తానే, "బర్రెనే" అన్నాడు.

అప్పటికి ఎండలు ముదిరాయి. "ఒగనాడు ఏడో మంచమోనికి ఇంటినుంచి ఉత్తరం వచ్చింది. సదువుత, ఇను అన్నడు ఎనిమిదో మంచమోనితోని. కాయితం ఇప్పిన సప్పుడు గూడ నాకు ఇనవడ్డది. గప్పుడే ఉడుకపోస్తుందని ఎవడో ఫ్యాన్ ఏసిండు."

మైకు పెట్టింది చలికాలంలో. ఫ్యాను తిరిగే వస్తువని పెట్టినవాళ్ళకు తోచలేదు. హెడ్‌ఫోన్లలో ఇక గరగర తప్ప ఏమీ లేదు. "మగ్గాల సప్పుడుల మా అవ్వ పిలుస్తె ఇనవడేది. గా సప్పుడుల ఒక్క మాట ఇనవడలేదురా" అన్నాడు. మైకు జాగా మార్చమని రాసి పంపాడు. జవాబు వచ్చేలోపల ఆ బరాకువాళ్ళను వాళ్ళ దేశం పంపే ఉత్తర్వు వచ్చింది.

"కైదీల ఉత్తరాలు మొదలు మీవాళ్ళే సదువుతరు గదా. వాళ్ళను అడగకపోయినవ్."

"ఉత్తరాలు సదివే రూము రహస్యం. నా రూము రహస్యం. ఒక రహస్యమోడు ఇంకో రహస్యమోన్ని ఎట్ల అడుగుతడు?"

బరాకు ఖాళీ అయ్యే రోజున గేటు దగ్గర పేర్లకు టిక్కులు పెట్టడానికి ఈయన్నే నిలబెట్టారు. కైదీలు వరసగా వచ్చి పేరు చెప్పి పోతున్నారు. "ముందుగాల గొంతు ఇన్న. తలకాయ లేపి సూసిన. గంత గొంతుకు గింత మనిషి. మంచినీళ్ళు అడిగిండు. ఇచ్చిన. తాగి, గిలాస చేతికిచ్చి, నన్ను సూసి నవ్విండు."

"నువ్వేమన్నవ్?"

"ఏమంట. బర్రె దొర్కిందా అని రెండే రెండు మాటలు. అడిగితె మైకు సంగతి బయట పడ్తది. కడమ బరాకులల్ల ఇంకా మనుషులుండిరి." బెంచీ అంచును వేలితో గీకుతూ కూర్చున్నాడు. "టిక్కు వెట్టిన. పోయిండు."

కరెంటు వచ్చింది. స్విచ్చు ఆపని నా దుకాణం ఫ్యాను తిరిగింది. ఆయన లేచి ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ రోజు తర్వాత ఆయన మా ఇంటికి వస్తే స్విచ్చు నేనే ఆపేవాణ్ణి.

ఆ కథ మళ్ళీ చాలాసార్లు చెప్పాడు, ఎప్పుడూ బర్రె దగ్గరే ఆపేవాడు. విన్న మాకూ బర్రే గుర్తుండిపోయింది.

ఈ ఎండాకాలం మంచం పట్టాడు. దవాఖానలో వారం ఉంచి ఇంటికి తీసుకుపొమ్మన్నారు. కూతురు మా ఇంటికి వచ్చి ఏడ్చింది. "జరంల ఒక్కటే తీరు బర్రె బర్రె అంటుండు బాపు. మాకు బర్రెనే లేకపాయె" అంది. నేను సంగతి చెప్పాను. పక్కన కూర్చుని వింటున్న నా భార్య చాలాసేపు ఆలోచించి ఒక ఉపాయం చెప్పింది.

"ఎదురుంగ చెప్తె నమ్మడు. చాటుకు ఇంటెనే నమ్ముతడు గదా. గట్లనే ఇనిపిద్దాం."

మర్నాడు మధ్యాహ్నం ఇద్దరం వెళ్ళాం. కాక లోపలి గదిలో గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. కూతురు తలుపు ఓరగా వేసి పక్కింటికి పోయింది. మేము ముందు గదిలో, రెక్కల్లేని ఫ్యాను కింద కూర్చున్నాం. ముందే అనుకున్న ప్రకారం నేను మొదలుపెట్టాను.

"కాకకు చెప్పకు గని, ఏడో మంచమాయన మనుమడు ఫోన్ల దొర్కిండు."

"అవునా. బర్రె సంగతి అడిగినవా మరి?"

"దొర్కిందట. గదే రోజు దొర్కిందట. చెరుకు తోటల ఉండెనట. ఈనింది గూడ."

"ఏం దూడ?"

"పెయ్య దూడ. నొసట తెల్లబొట్టు, తల్లికున్నట్టే."

అక్కడితో ఆపాలని ఒప్పందం. కానీ వేములఘాట్‌లో పాడి మధ్య పెరిగిన మనిషి, ఊరుకోలేకపోయింది. "పాలెన్ని ఇస్తుండెనట?" అంది. ఇది మేము అనుకోలేదు. "పూటకు పది లీటర్లు" అన్నాను. ఆమె నా మోకాలు గిల్లి, గుసగుసగా "నీకేమన్న ఎర్కనా, పదెక్కడియి, నాలుగని చెప్పు" అంది. "నాలుగు" అన్నాను. ఇద్దరం చెమటతో తడిసిపోయి ఉన్నాం. లోపల మంచం కిర్రుమన్న చప్పుడు కూడా లేదు. పడుకున్నాడేమో, ఇంత నాటకం వృథా అయిందేమో అనుకుంటూ లేచాం.

అప్పుడు లోపలి నుంచి ఆయన గొంతు వినిపించింది. "ఫ్యాన్ రెక్కలు అటక మీదున్నయ్. దింపి బిగించుకోన్రి. మస్తు ఉడుకపోస్తుంది."

కూతురు నమ్మలేకపోయింది. అల్లుడు నిచ్చెన తెచ్చి, దుమ్ము తుడిచి రెక్కలు బిగించాడు. ఆ ఇంట్లో ఫ్యాను తిరిగింది. దాని కిందే నాలుగు రోజులు పడుకుని, ఐదో రోజు పోయాడు. ఆ నాటకం ఆడి ఇంటికి వచ్చే దారిలో నా భార్య గెలిచినట్టు నడిచింది. నేనూ అలాగే అనుకున్నాను. అంత గొప్ప చెవిని మోసం చేశామని కొంచెం సిగ్గు, ఆయనను నెమ్మదిగా పంపామని చాలా సంతోషం.

దినాలు అయ్యాక కూతురు ఒక నోట్‌బుక్కు తెచ్చి దుకాణంలో నా ముందు పెట్టింది. "ఆ రోజు మీరు పోయినంక పెన్సిల్ అడిగి ఇందుల గంటసేపు రాసిండు అన్నా. నీకియ్యమన్నడు" అంది.

ఫ్యాను ఆపి చదివాను. చాయ్ హోటల్ మాటలు, బస్సు మాటలు, నా మాటలు, టైలరు మాటలు, ప్రతి పేజీలో మూడు గడులు. తిప్పిన ప్రతి పేజీలోనూ మూడో గడి ఖాళీ. చివరి పేజీలో అక్షరాలు వంకరపోయాయి. ఎవరు: వ్యక్తి ఒకటి, జిరాక్సు దుకాణం. వ్యక్తి రెండు, ఆయన భార్య. ఏమన్నారు: మేమన్నవన్నీ ఉన్నాయి, ఒక్క మాట పొల్లుపోలేదు. పది లీటర్లు ఉంది. దాని కింద, నీకేమన్న ఎర్కనా పదెక్కడియి నాలుగని చెప్పు, అని నా భార్య గుసగుస కూడా ఉంది. ఆ కింద కుండలీకరణాల్లో ఇలా రాశాడు. 'ఇద్దరికీ నేను వింటున్నానని తెలుసు. నా కోసమే మాట్లాడుతున్నారు.'

పక్కన మూడో గడి. అధికారి నింపవలసిన గడి. అందులో రెండు వాక్యాలు ఉన్నాయి.

'బర్రె దొరికింది. తల్లి ఇల్లు చేరింది.'

మొదటిది మేము చెప్పిందే. రెండోది మేము అనలేదు. దూడకు బొట్టు పెట్టాం, పాలు కూడా కొలిచాం. వెతకడానికి వెళ్ళి తిరిగిరాని ఆ తల్లి మా ఇద్దరికీ గుర్తే రాలేదు. విన్నది తప్ప ఒక్క అక్షరం రాయని మనిషి, ఎవరూ అనని ఆ ఒక్క మాట తానే రాసుకుని పోయాడు.